కెల్లి
చేవెళ్లకెల్లి బయలెల్లిన బస్సు మొయినాబాద్ మీదికెల్లి పట్నం పోతది. తెలంగాణలో, బీజాపూర్ రోడ్డు మీద ఎవరినడిగినా ఇట్లనే చెప్తరు. పుస్తకాల తెలుగుకు అలవాటు పడ్డవాళ్లు మాత్రం ‘కెల్లి’ని కొట్టేసి ‘నుంచి’ అని దిద్దుతారు. ‘కి’, ‘వెళ్లి’ కలిస్తే అక్కడికి పోయినట్టు కదా, అక్కడినుంచి వచ్చినట్టు ఎట్లా అవుతుందని వాళ్ల ఆక్షేపణ. వినడానికి సబబే. కానీ ‘వెళ్లు’కు పాత అర్థం ఉత్త పోవడం కాదు, బయటికి పోవడం. వెలి, వెలుపల, వెడలు, వెలువడు దాని చుట్టాలే. వెళ్లగొట్టు, వెళ్లగక్కు అన్నప్పుడు ఆ అర్థం శిష్టభాషలోనూ ఇంకా బతికే ఉంది. మరి ‘కి’ సంగతి? అది చేరే చోటునే చెప్పదు. ఊరికి దూరం, ఊరికి వెలుపల అన్నప్పుడు ఎడబాసిన చోటునూ చెబుతుంది. కనుక ‘ఇంట్లకెల్లి’ అంటే ఇంట్లోంచి వెలువడి అనే. మాట అరిగి విభక్తి కావడం తెలుగుకు కొత్త కాదు: ‘నుండి’ ఉండులోంచి, ‘చేత’ చేయిలోంచి, ‘తో’ తోడులోంచి వచ్చినవే. వేరే భాషల్లోనూ ఇలాంటివి జరిగాయి. లాటిన్‌లో రోమ్ నగరం పేరు ‘రోమ’ చివరి అచ్చును సాగదీసి ‘రోమా’ అంటే చాలు, ‘రోమ్ నుంచి’ అని అర్థం. వాడుకలో ఆ దీర్ఘాలు చెరిగిపోయాక ‘దే’ అనే విడిమాట ఆ పని ఎత్తుకుంది. ఇల్లు అనే అర్థమున్న లాటిన్ ‘కాసా’ ఫ్రెంచిలో ‘షే’గా అరిగి, ఫలానావాళ్లింట్లో అని చెప్పే విభక్తిలాంటి మాటయింది. అక్కడ దాన్ని పరిణామమని చదువుకుని ఇక్కడ కెల్లిని అపభ్రంశమనడం కుదరదు. ‘నుంచి’ ఎంత వ్యాకరణమో ‘కెల్లి’ కూడా అంతే వ్యాకరణం.