పట్టుకున్న గ్యాసు ఎటు పోయింది?

హేతువాదులకు మూఢనమ్మకాలు ఉండవని మనం అనుకుంటాం. నాకు ఒకటి ఉండేది. దాన్ని పోగొట్టింది ఒక రైతు.

కొన్నేళ్ళ క్రితం ఒక సైన్సు సభలో కాకినాడ నాగార్జున ఎరువుల ఫ్యాక్టరీ గురించి గొప్పగా చెప్పాను. పొగలోంచి రోజుకు 450 టన్నుల కార్బన్ డయాక్సైడును, అంటే మన పాత పాఠాల బొగ్గుపులుసు వాయువును, పట్టగల యూనిట్ అక్కడ 2009లో మొదలైంది. జపాన్ కంపెనీ మిత్సుబిషి ద్రావణితో పట్టిన ఆ వాయువు యూరియా తయారీకి. "చూశారా, సైన్సు గాలిని శుభ్రం చేస్తోంది!" అన్నాను. చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "మరి ఆ యూరియా మా చేలో చల్లాక ఆ గ్యాసు ఏమవుతుందండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. మొదట తెలిసిన సంగతి, ఇది కొత్త విద్య కాదని. 1930లోనే అమెరికాలో రాబర్ట్ బాటమ్స్ దీనికి పేటెంటు పొందాడు. ఆయన బాధ వాతావరణం గురించి కాదు. నేలలోంచి వచ్చే సహజవాయువులో కుళ్ళిన కోడిగుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది, అది విషం. కార్బన్ డయాక్సైడు ఉంటే మంట తగ్గుతుంది, తేమ తోడైతే గొట్టాలు తినేస్తుంది. రెండూ ఆమ్ల గుణం ఉన్నవే. అమైన్లు క్షారాలు. అందుకని అమైన్ కలిపిన నీళ్ళతో గ్యాసును కడిగితే, సుమారు 40 డిగ్రీల దగ్గర రెంటినీ పట్టుకుంటుంది. 120 డిగ్రీల దాకా వేడిచేస్తే వదిలేస్తుంది. ద్రావణి మళ్ళీ పనికొస్తుంది. ఇందులో మహిమ ఏమీ లేదు, అయితే ఆ వేడికి మళ్ళీ ఇంధనం కాల్చాలి.

వదిలిన వాయువును చాలాకాలం గాలిలోకే పంపేవారు. నార్వే 1991లో కార్బన్ పన్ను వేసింది. 1996 నుంచి స్లైప్నర్ క్షేత్రంలో, గ్యాసులో సుమారు 9 శాతం ఉన్న కార్బన్ డయాక్సైడును కొనేవాళ్ళు ఒప్పుకునే 2.5 శాతానికి దించి, తీసింది సముద్రగర్భం కింది ఇసుకరాతి పొరలోకి ఎక్కించారు. తొలి ఏళ్ళలో అది ఏడాదికి దాదాపు పది లక్షల టన్నులు. మెచ్చుకోవలసిందే. కానీ లెక్క పూర్తిగా వెయ్యాలి కదా? మిగతా గ్యాసులో ఎక్కువ భాగం మీథేన్. ఒక మీథేన్ అణువు కాలితే ఒక కార్బన్ డయాక్సైడు అణువు పుడుతుంది. దాచింది కొసరు, వదిలింది అసలు!

ఇక రైతు ప్రశ్న. టన్ను యూరియాలో సుమారు 730 కిలోల కార్బన్ డయాక్సైడు ఇమిడి ఉంటుంది. మట్టిలోని యూరియేజ్ అనే ఎంజైము దాన్ని విరగ్గొడితే, నత్రజని పైరుకు అందుతుంది, ఆ వాయువు మళ్ళీ గాలిలో కలుస్తుంది. ఫ్యాక్టరీకి ఉత్పత్తి పెరిగింది, అది మంచిదే. గాలి శుభ్రమైందన్నది మాత్రం నా కల్పన.

బాబాల విబూదిని చేతులు పట్టుకుని పరీక్షిస్తాం. "కార్బన్ పట్టాం" అని కంపెనీలూ ప్రభుత్వాలూ అంటే ఎందుకు అడగం? ఎంత పట్టారు, అందుకు ఎంత కాల్చారు, ఎక్కడ దాచారు, ఎన్నాళ్ళు ఉంటుంది? ఇప్పుడు నేను ఏ సభలో మాట్లాడినా ఆ పెద్దాయన ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను. జవాబు సభ వాళ్ళనే చెప్పమంటున్నాను.