వదులుకోవడం నేర్పిన ఎడారి

క్రీస్తుశకం 270 ప్రాంతం. మధ్య ఈజిప్టులోని ఒక పల్లెలో ఇరవై ఏళ్లు నిండీ నిండని రైతుబిడ్డ చర్చికి వెళ్లాడు. తల్లిదండ్రులు పోయి ఆరు నెలలు కూడా కాలేదు. చిన్న చెల్లెలూ, మన లెక్కలో దాదాపు 200 ఎకరాల సారవంతమైన భూమీ అతని చేతికొచ్చాయి. ఆ రోజు చర్చిలో మత్తయి సువార్త 19వ అధ్యాయం చదివారు. ఆస్తి అమ్మి బీదలకిచ్చి తన వెంట రమ్మని యేసు ఒక ధనిక యువకుడితో అన్న ఘట్టం అది. సువార్తలోని యువకుడు విచారంగా వెళ్లిపోయాడు. ఈ యువకుడు మాత్రం బయటికొచ్చి భూమిని ఊరివాళ్లకు రాసిచ్చేశాడు. అతని పేరు ఆంటోని.

మన కథోలిక విచారణల్లో భక్తులు మొక్కుకునే పాదువాపురి అంతోనివారు వేరు. ఆయన దాదాపు 900 ఏళ్ల తర్వాతివాడు. అయితే ఇద్దరికీ చుట్టరికం ఉంది. పోర్చుగల్‌లో ఫెర్నాండోగా పుట్టిన ఆయన 1220లో ఫ్రాన్సిస్కన్ సభలో చేరినప్పుడు, తనను చేర్చుకున్న ఆశ్రమం ఈ ఈజిప్టు ఆంటోని పేరిట ఉండటంతో ఆ పేరే పెట్టుకున్నాడు.

ఆంటోని ఒక్క రోజులో ఎడారి మనిషి కాలేదు. చెల్లెలి కోసం కొంత డబ్బు దాచాడు. కొన్నాళ్లకు అదీ పంచేసి, ఆమెను భక్తురాళ్ల దగ్గర ఉంచాడు. మొదట ఊరి పొలిమేరలో ఒక వృద్ధ తపస్వి దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత సమాధుల్లో బతికాడు. ఆపైన నైలు నది తూర్పు దిక్కున పాడుబడ్డ కోటలో తలుపు మూసుకుని ఇరవై ఏళ్లు గడిపాడు. చివరికి జనం ఆ తలుపు బద్దలుకొట్టారు. చిక్కి శల్యమైన మనిషి కనిపిస్తాడనుకున్నవాళ్లకు ఒంట్లోనూ మాటలోనూ నిలకడ చెడని మనిషి ఎదురయ్యాడని, ఆయన చరిత్ర రాసిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ అంటాడు. 311లో క్రైస్తవుల మీద హింస ముదిరితే ఆ ఏకాంతవాసి నేరుగా అలెగ్జాండ్రియాకు వెళ్లి చెరసాలల్లో ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పాడు. ముసలితనంలో ఎర్రసముద్రం వైపు కొండ కింద గోధుమలు పండించుకున్నాడు, తనకు రొట్టె మోసుకురావడం ఎవరికీ భారం కాకూడదని. వచ్చేపోయేవాళ్ల కోసం కూరగాయలూ వేశాడు. ఏకాంతమంటే మనుషుల మీద విసుగు అనుకునేవాళ్లు ఈ కూరపాదుల దగ్గర కాసేపు ఆగాలి.

ఆయన బాటలో వేలమంది నడిచారు. నైలు డెల్టా పడమటి అంచున నిట్రియాలో అమ్మోన్ అనే ఆయన 330 ప్రాంతంలో స్థిరపడితే, ఆ శతాబ్దం చివరికి అక్కడ 5000 మంది సన్యాసులున్నారని స్వయంగా అక్కడ బతికిన పల్లాడియస్ రాశాడు. వాళ్లకు రొట్టెలు కాల్చే బట్టీలు ఏడు. వైద్యులున్నారు, అతిథి గృహం ఉంది. అతిథిని వారం రోజులు ఊరికే కూర్చోనిచ్చి, ఆపైన తోటలోనో వంటశాలలోనో పని ఇచ్చేవాళ్లు.

ఆ సందడి కూడా వద్దనుకున్నవాళ్లు మరికొంత లోపలికి, కెల్లియాకు వెళ్లారు. ఒకరి గొంతు ఒకరికి వినపడనంత ఎడంగా గదులు కట్టుకున్నారు. శని, ఆదివారాల్లో మాత్రం అందరూ చర్చిలో కలిసేవాళ్లు. ఎవరైనా రాకపోతే జబ్బు చేసిందేమోనని వెళ్లి చూసేవాళ్లు. మిగతా ఐదు రోజులూ గది, ప్రార్థన, ఖర్జూరపు ఆకులతో తాళ్లూ బుట్టలూ అల్లడం. చేతులకు పని, నోటికి కీర్తన.

అలా కూర్చుంటే మనసు ఏం చేస్తుందో ఎవాగ్రియస్ అంత శ్రద్ధగా రాసినవాళ్లు అరుదు. కాన్‌స్టాంటినోపుల్‌లో పేరున్న డీకను ఆయన. పెళ్లయిన ఒక స్త్రీ మీద మోహంలో చిక్కుకుని ఆ నగరం వదిలాడు. చివరికి కెల్లియా చేరి, రాతప్రతులు నకలు తీసి పొట్ట పోసుకుంటూ 399లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. మనిషిని పీడించే ఎనిమిది తలపుల్లో నడిమధ్యాహ్నం వచ్చే నిస్పృహ మహా బరువైనదన్నాడు. ఎండ కదలదు. భోజనవేళ ఇంకెంతో దూరమనిపిస్తుంది. ఎవరైనా వస్తున్నారేమోనని చూపు కిటికీ మీదికి పోతుంది. ఈ చోటు మంచిది కాదు, ఇక్కడివాళ్లకు ప్రేమ లేదు, మరెక్కడికైనా పోతే బాగుపడతానని మనసు నచ్చజెబుతుంది. ఫోను తెరను పైకీ కిందికీ తోసే మన మధ్యాహ్నాల్లోనూ ఉన్నది ఇదే. ఎవాగ్రియస్ చెప్పిన మందుల్లో ముఖ్యమైనది: లేవకు, గది వదలకు.

భూమి వదలడం మొదటి మెట్టు. ఎడారి పెద్దల గురించి తర్వాతి తరాలు గుదిగుచ్చిన కథలు చదివితే, వాళ్లు నిజంగా పెనుగులాడింది పేరుతోనూ ఇతరులను తూచే అలవాటుతోనూ అని తెలుస్తుంది. మకారియస్ అనే తపస్వి సంగతే చూడండి. ఒక పల్లెలో గర్భవతైన పిల్ల ఆయన పేరు చెప్పింది. ఊరివాళ్లు ఆయన మెడకు మసి కుండలు వేలాడదీసి, కొడుతూ ఊరంతా తిప్పారు. ఆయన కాదనలేదు. తనకిప్పుడు భార్య ఉందని, ఎక్కువ కష్టపడాలని తనకు తానే చెప్పుకుని, రాత్రీపగలూ బుట్టలల్లి ఆ డబ్బు ఆమెకు పంపాడు. కాన్పు కష్టమైనప్పుడు ఆమె నిజం ఒప్పుకుంది. ఊరు ఊరంతా క్షమాపణకు బయల్దేరిందని విని, ఆ గౌరవం అందుకోకుండా ఆయన స్కెటిస్ ఎడారికి పారిపోయాడు. నింద దగ్గర ఆగినవాడు పొగడ్తకు ఆగలేదు.

అదే స్కెటిస్‌లో మోసెస్ అనే నల్లజాతి సన్యాసి ఉండేవాడు, ఒకప్పటి దారిదోపిడీ దొంగ. తప్పు చేసిన ఒక సోదరుణ్ణి విచారించే సభకు రమ్మని కబురంపితే, చిల్లుపడ్డ బుట్టలో ఇసుక నింపి వీపున మోసుకుంటూ వచ్చాడు. దారి పొడుగునా ఇసుక కారింది. తన పాపాలు ఇలా వెనక కారుతున్నా చూడకుండా, మరొకరి తప్పు తేల్చడానికి వచ్చానన్నాడు. సభ ఆ సోదరుణ్ణి క్షమించింది. దొంగతనం మానడం కంటే తీర్పరి పీట వదలడం కష్టమని నాకనిపిస్తుంది.

ఎడారి అంతా ఇలాంటి సౌమ్యతే కాదు. 400 ప్రాంతంలో అలెగ్జాండ్రియా బిషప్పు థియోఫిలస్ సిద్ధాంత వివాదంలో నిట్రియా, కెల్లియా సన్యాసులు ఎందరినో తరిమేశాడు. 407లో ఎడారి తెగల దాడితో స్కెటిస్ చెల్లాచెదురైంది. అక్కడ నేర్చుకున్న జాన్ కాసియన్ ఆ బోధలను ఇప్పటి ఫ్రాన్సులోని మార్సేయికి చేర్చాడు.

1960లలో ఫ్రెంచి, స్విస్ పురావస్తు బృందాలు కెల్లియాను తవ్వితే దాదాపు 1500 నివాసాల ఆనవాళ్లు బయటపడ్డాయి. తర్వాతి కాలపు ఇళ్లలో వంటగదులు, బావులు, గోడల మీద రంగుల సిలువలు కనిపించాయి. ఇప్పుడక్కడ చాలా మేర పొలాలే.

స్కెటిస్ మాత్రం శాశ్వతంగా ఖాళీ కాలేదు. వాది నట్రూన్ అని పిలిచే ఆ లోయలో ఈజిప్టు క్రైస్తవుల కాప్టిక్ మఠాలు నాలుగు నేటికీ నడుస్తున్నాయి. 1948లో యూసుఫ్ ఇస్కందర్ అనే ఫార్మసిస్టు తన మందుల దుకాణం అమ్మేసి మఠంలో చేరి, మత్తా అల్ మిస్కీన్ అయ్యాడు. కొన్నేళ్లు అనుచరులతో ఎడారి గుహల్లో గడిపాడు. 1969లో కాప్టిక్ పోపు ఆరవ కిరిల్లోస్ ఆయన్నూ మరో పన్నెండు మందినీ మకారియస్ పేరిట ఉన్న మఠానికి పంపాడు. అప్పటికక్కడ మిగిలింది కొద్దిమంది వృద్ధులే. మత్తా హయాంలో సన్యాసుల సంఖ్య వంద దాటింది. వాళ్లు ఇసుక నేలను సాగులోకి తెచ్చి పంటలు పండించారు.