కరిగిపోయే కుట్టు నుంచి నెలకో సూది దాకా



మధుమేహం ఉన్నవారు రోజూ సూది పొడుచుకునే బదులు ఇన్సులిన్‌ను మాత్రగా మింగకూడదా అని మీలో చాలామంది అనుకునే ఉంటారు. ఇన్సులిన్ పెప్టైడ్ జాతికి చెందిన మందు. మనం తినే పప్పులోని మాంసకృత్తుల వంటిదే అదీను. మింగితే, కడుపు దాన్ని కూడా పప్పులాగే అరిగించేస్తుంది. పోనీ సూదిగా ఇస్తే కొద్ది గంటల్లోనే ఖర్చయిపోతుంది.

1922లో టొరంటోలో మొదటి రోగికి ఇన్సులిన్ ఇచ్చిన నాటినుంచీ ఇదే చిక్కు. 1936లో డెన్మార్కు వైద్యుడు హాగెడార్న్ చేపల నుంచి తీసిన ప్రోటమిన్‌ను దానికి జతచేశాడు. రెండింటి విద్యుదావేశాలూ వ్యతిరేకం కనుక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మందు చర్మం కింద నిలిచి, మెల్లగా విడివడింది. మందును పట్టి ఉంచే తోడు కావాలన్నమాట.

ఇంకా గట్టి తోడు ఆపరేషన్ గదిలో దొరికింది. ఒంట్లోనే కరిగిపోయే కృత్రిమ కుట్టు దారాలు 1970 దశకంలో వాడుకలోకి వచ్చాయి. గ్లైకాలిక్ ఆమ్లాన్నీ, పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లాన్నీ గొలుసులుగా అల్లిన పాలిమర్లతో చేసినవవి. ఒంట్లోని తేమకు గొలుసు కొంచెం కొంచెంగా తెగి, మళ్ళీ ఆ ఆమ్లాలే అయిపోతుంది. ఇందులో మందు పొదిగితే అదీ కొంచెం కొంచెంగా బయటికి రాదా?

తగిన మందూ దొరికింది. బీజకోశాలను నడిపించే మెదడు హార్మోను నిర్మాణం 1971లో తేలింది. అది పది అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్. అందుకు కృషిచేసిన షాలీ, గీయెమాఁలు 1977లో నోబెల్ బహుమతి పొందారు. పెప్టైడ్ హార్మోన్లను కొలిచే పద్ధతికి రోజలిన్ యాలో అనే మహిళ కూడా వారితోపాటే ఆ గౌరవం అందుకుంది. ఈ హార్మోనులో ఓ వింత ఉంది. విడతలు విడతలుగా వస్తే బీజకోశాలు పనిచేస్తాయి, ఎడతెగకుండా వస్తే కొన్నాళ్ళకు పని మానేస్తాయి. అందుకే దీన్ని పోలిన ల్యూప్రొలైడ్ అనే మందు నిలకడగా అందితేనే చికిత్స.

జపానులోని తకేదా కంపెనీ పరిశోధకులు దాన్ని కంటికి ఆనని పాలిమర్ గుళికల్లో పొదిగారు. పెప్టైడ్‌లోని క్షార భాగాలు పాలిమర్ కొసలనున్న ఆమ్లాన్ని పట్టుకున్నాయి. చూశారా, హాగెడార్న్ నేర్పిన పాఠమే మళ్ళీ! నెలకొక్క సూదిగా ఈ మందుకు 1989లో అమెరికాలో ప్రోస్టేట్ కాన్సర్‌కు అనుమతి లభించింది. 1990లో, నెలసరి రోజుల్లో ఆడవాళ్ళను మెలిపెట్టే ఎండోమెట్రియాసిస్‌కు కూడా వచ్చింది.

అయితే ఈ తోడు అన్నివేళలా మేలే చేయదండి. గొలుసు తెగేకొద్దీ గుళిక లోపల పులుపు పేరుకుంటుంది. కొన్ని పెప్టైడ్లు ఆ పులుపుకు చెడతాయి. కొన్నిటికి పాలిమర్ ముక్కలే అతుక్కుపోతాయి. అందుకని ఏ మందుకు ఏ పాలిమర్ నప్పుతుందో విడివిడిగా పరీక్షించక తప్పదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి సూది రాస్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. గడువు నాటికి లోపలి మందు అయిపోవస్తుంది. నొప్పి తగ్గింది కదా అని డాక్టరును అడగకుండా తర్వాతి సూది మానేయకండి. ఆ తేదీని పాల లెక్క పక్కనే క్యాలెండరులో రాసిపెట్టుకోండి.