మడమ నరానికి పని చెప్పిన వైద్యం

స్వీడన్‌లోని ఊమియోలో హోకన్ అల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరుకు పరుగెత్తినప్పుడల్లా మడమ వెనక నరం (పిక్కను మడమకు కలిపే స్నాయువు) సలిపేది. ఆపరేషన్ చేయమని పై డాక్టరును అడిగితే, నువ్వు అన్నాళ్లు సెలవు పెడితే పని జరగదని ఆయన ఒప్పుకోలేదు. నరం తెగితే తప్పక చేస్తారు కదా అని అల్‌ఫ్రెడ్‌సన్ మొండికేశాడు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, నొప్పి పుడుతున్నా మడమను కిందికి దించుతూ పోయాడు. నరం తెగలేదు. నొప్పే పోయింది.

1998లో ఆయన బృందం ఇదే కసరత్తును 15 మందితో 12 వారాలు చేయించింది. మోకాలు నిటారుగా పెట్టి 15 చొప్పున మూడు విడతలు, మోకాలు వంచి మరో మూడు, రోజుకు రెండు పూటలా. 15 మందీ మళ్లీ పరుగుకెళ్లారు.

అది తెగని నరం సంగతి. తెగిందా లేదా తేల్చడానికి రోగిని బోర్లా పడుకోబెట్టి పిక్క పిసుకుతారు. పాదం కదలకపోతే తెగినట్టే. థాంప్సన్ అనే అమెరికా డాక్టరు దీన్ని 1962లో ప్రచురించాడు. తెగిన నరాన్ని కుట్టాక వేళ్లు కిందికి వంచి ఆరు నుంచి ఎనిమిది వారాలు పిండికట్టులో బంధించడం చాలాకాలం ఆనవాయితీ. కట్టు విప్పేసరికి పిక్క సన్నబడిపోయేది, చీలమండ బిగుసుకుపోయేది.

2010లో కెనడాలో విలిట్స్ బృందం 144 మంది మీద చేసిన పరిశోధనను ప్రచురించింది. సగం మందికి కుట్టారు, సగం మందికి కుట్టలేదు. రెండు వారాలు దాటగానే అందరికీ మడమ ఎత్తు బూటు తొడిగి నడిపించారు, పాదం కదిలించారు. మళ్లీ తెగినవాళ్లు రెండు వైపులా కొద్దిమందే. కట్టేసి ఉంచడం కన్నా మోతాదులో కదిలించడమే మేలన్న నమ్మకం బలపడింది. అతుక్కునే నరంలోని పోగులు లాగే దిశలోనే వరుస కడతాయి.

మా బరంపురం గేట్ బజారులో మా మావయ్యకు తెగిన మడమ నరానికి ఆపరేషన్ అయినప్పుడు ఇంట్లో పెద్దలంతా ఒకటే మాట: "కాలు కింద పెట్టకు నాయనా." ప్రేమతోనే అన్నారు, కానీ నాకు భయమేసింది. ఫిజియో వచ్చి బూటులో మడమ కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన దిమ్మల్లో ఒకటి తీసి, చంక కర్రలతో గది దాటించాడు. తర్వాత వారాల తేడాతో ఒక్కో దిమ్మ తీస్తూ వచ్చాడు.

మావయ్య మెట్టెక్కి మడమ దించుతానంటే మాత్రం ఫిజియో గట్టిగా వద్దన్నాడు. కుట్టిన నరం తొందరపడి సాగితే పొడవుగానే అతుకుతుంది. అప్పుడు పిక్క ఎంత లాగినా మడమ సరిగా లేవదు. అందుకే ముందు నేల మీద రెండు కాళ్లతో మడమలెత్తడం, ఆపైన ఒంటికాలితో, చివరికి మెట్టు. పిక్కకు బలం రావడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.