విశ్వేశ్వర గోళకి – సహనివాస ధర్మం

ధర్మశాస్త్రకారులు మానవుల మధ్య జనించే వివాదాలను పద్దెనిమిది వ్యవహారపదాలుగా విభజించారు. ఋణాదానం, నిక్షేపం వంటి సుప్రసిద్ధ పదాల నడుమ ‘సంవిద్వ్యతిక్రమం’ అనే పదం కూడా ఉన్నది. సంవిత్తు అనగా ఒకచోట కలిసి నివసించే జనులు తమలో తాము చేసికొన్న కట్టుబాటు. దానిని ఉల్లంఘించడమే వ్యతిక్రమం. గ్రామసంఘంతో ప్రమాణపూర్వకంగా ఒడంబడిక చేసికొని, లోభంచేత దానిని తప్పినవానిని రాష్ట్రం నుండి వెడలగొట్టవలెనని మనువు విధించాడు. యాజ్ఞవల్క్యుడు మరింత సూక్ష్మంగా చెప్పాడు. సమూహకార్యం నిమిత్తం పంపబడినవాడు తనకు లభించిన ద్రవ్యాన్ని సమూహానికి స్వయంగా సమర్పించకపోతే, దానికి పదకొండు రెట్లు అతనిచేత ఇప్పించవలెను. సమూహకార్యాలను ఆలోచించే ‘కార్యచింతకులు’ ధర్మజ్ఞులు, శుచులు, లోభరహితులు అయి ఉండవలెను. అటువంటివారిని ఇద్దరినో, ముగ్గురినో, అయిదుగురినో నియమించుకోవలెనని బృహస్పతిస్మృతి.

రాజాధికారాన్ని గట్టిగా సమర్థించిన కౌటిల్యుడు సైతం ఇక్కడ ఒక మెట్టు దిగాడు. ఒక గ్రామంలో వచ్చి చేరి, ఒప్పుకొన్న పని చేయని కర్షకుని నుండి దండనద్రవ్యాన్ని గ్రామమే గ్రహించవలెనని అర్థశాస్త్రం చెబుతున్నది. అది కోశాగారానికి పోదు, ఊరికే చెందుతుంది. కలిసి నివసించేవారి కట్టుబాటుకు తనదైన అధికారం ఉన్నదని దీని భావం.

ఈ శాస్త్రవిధులు ఆంధ్రదేశంలో ఆచరణరూపం ధరించిన ఒక స్థలం తిరువూరు వాసులకు దూరం కాదు. తిరువూరు నుండి మైలవరం మీదుగా బెజవాడ చేరి, కృష్ణవేణిని దాటితే వెలగపూడి, మందడం గ్రామాలు వస్తాయి. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం, శాసనసభ ఉన్న ప్రదేశం అదే. ఆ పక్కనే మల్కాపురంలో ఒక శిలాస్తంభం ఉన్నది. శక సంవత్సరం 1183, అనగా క్రీ.శ. 1261లో, కాకతీయ రుద్రమదేవి పాలనాకాలంలో వెలసిన శాసనం దానిపై చెక్కబడి ఉన్నది. ఒక నివాసాన్ని ముందుగా సంకల్పించి, భాగాలు విభజించి, వృత్తులు నిర్ణయించి, జనులను తెచ్చి నిలిపిన వృత్తాంతం అందులో సవిస్తరంగా కనబడుతుంది.

ఆ నివాసానికి కర్త విశ్వేశ్వర శివాచార్యుడు. ఆయన గౌడదేశంలోని దక్షిణరాఢలో పూర్వగ్రామవాసి. కలచురుల డాహలమండలంలో సద్భావశంభువు స్థాపించిన గోళకీ మఠ పరంపరకు చెందిన శైవాచార్యుడు. కాకతీయ గణపతిదేవునికి దీక్షాగురువు. గణపతిదేవుడు గురువుకు మందర గ్రామాన్ని (నేటి మందడం) సంకల్పించాడు. రుద్రమదేవి దానితోబాటు వెలగపూడిని, కృష్ణానదీమధ్యంలోని లంకభూములను కూడా సమర్పించింది. ఆచార్యుడు ఆ దానాన్ని తన భోగానికి ఉంచుకొనలేదు. విశ్వేశ్వరాలయాన్ని, శుద్ధశైవమఠాన్ని, అన్నసత్రాన్ని నిర్మించి, ‘విశ్వేశ్వర గోళకి’ అనే పేర అగ్రహారాన్ని స్థాపించాడు.

అగ్రహారమనగానే రెండు వరుసల ఇండ్లు, నడుమ వీధి, చివర దేవాలయం మన మనస్సులో మెదలుతాయి. విశ్వేశ్వర గోళకి అంతకంటె విస్తృతమైనది. ద్రావిడదేశం నుండి 60 బ్రాహ్మణకుటుంబాలను రప్పించి, వారికి భూమి నిర్ణయించారు. విద్యాశాలలో ఋగ్యజుస్సామవేదాలు బోధించడానికి ముగ్గురు, పదం, వాక్యం, ప్రమాణం, సాహిత్యం, ఆగమం బోధించడానికి అయిదుగురు ఆచార్యులను నియమించారు. ఒక వైద్యుడు, లెక్కలు వ్రాయడానికి ఒక కాయస్థుడు ఉన్నారు. దేవాలయ సేవకు నర్తకులు, మార్దంగికులు, గాయకులు ఉన్నారు. ఆ గాయకులలో ఒకరు కాశ్మీరం నుండి వచ్చినవారు. గ్రామావసరాలకు స్వర్ణకారుడు, కమ్మరి, కుమ్మరి, శిలాశిల్పి, వడ్రంగి, మంగలి మొదలైన వృత్తులవారు, గ్రామరక్షణకు వీరభద్రులనే భటులు నిలిచారు.

ఇక ఆదాయవిభాగం అన్నిటికంటె గమనింపదగినది. బ్రాహ్మణకుటుంబాలకు ఇచ్చినది పోగా మిగిలిన భూమిని మూడు భాగాలు చేశారు. ఒక భాగం విశ్వేశ్వరదేవునికి. రెండవ భాగం శైవమఠానికి, అందులో చదువుకొనే విద్యార్థులకు. మూడవ భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి. గర్భిణీస్త్రీలు, రోగులు, అన్నార్థులు దేవునితో సమానమైన వాటాదారులుగా శిలపై నిలిచారు. అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారెవరికైనా అన్నం పెట్టవలెనని శాసనం ఆదేశించింది. వర్ణభేదం ప్రబలంగా ఉన్న ఆ కాలంలో ఈ నియమాన్ని రాతిమీద చెక్కించిన గురువు హృదయవైశాల్యాన్ని ఊహించవచ్చు.

ఈ వ్యవస్థలోని సూక్ష్మం ఒకటి ఉన్నది. ఏ సేవ కూడా అభ్యర్థనమీద ఆధారపడలేదు. వైద్యుడు దాతల దయకై ఎదురుచూడనక్కరలేదు, సత్రం ప్రతి సంవత్సరం చందాలకు తిరుగనక్కరలేదు. ప్రతి ధర్మకార్యానికి దాని పేరనే భూమి ఉన్నది. అయితే ఈ సమస్తాన్ని పర్యవేక్షించే అధికారం గోళకీ సంతానానికి చెందిన ఆచార్యునిది. అధికారానికి మూలం గురుపరంపర, ఆ పరంపరకు ఆలంబనం రాజభక్తి.

నివాసులే అధికారమూలంగా నిలిచిన ఉదాహరణ ద్రావిడదేశంలో ఉన్నది. కాంచీపురానికి సమీపంలోని ఉత్తరమేరూరు కూడా అగ్రహారమే. మల్కాపుర శాసనానికి 340 సంవత్సరాలకు పూర్వమే, చోళ మొదటి పరాంతకుని కాలంలో, 919, 921 సంవత్సరాలలో అక్కడి సభ తన నియమాలను దేవాలయకుడ్యంపై చెక్కించుకొన్నది. గ్రామాన్ని 30 భాగాలు చేసి, ఒక్కొక్క భాగం నుండి యోగ్యుల పేర్లు తాటాకులపై వ్రాసి, కుండలో వేసి, ఒక బాలునిచేత తీయించేవారు. అలా ఎన్నికైనవారి నుండి సంవత్సరసంఘం, తోటలసంఘం, చెరువుసంఘం ఏర్పడేవి. వారి పదవీకాలం 360 దినాలు. సొంత స్థలంలో సొంత ఇల్లు, పన్ను చెల్లించే భూమి, మంత్రబ్రాహ్మణ పరిజ్ఞానం, 35 నుండి 70 సంవత్సరాల లోపు వయస్సు అర్హతలు. గడచిన మూడు సంవత్సరాలలో సంఘంలో ఉన్నవారికి మళ్లీ అవకాశం లేదు. పూర్వం సంఘంలో ఉండి లెక్క అప్పగించనివానికి, అతని సమీపబంధువులకు కూడా ప్రవేశం లేదు. సమూహద్రవ్యం గురించి యాజ్ఞవల్క్యుడు చెప్పిన శౌచం ఇక్కడ కుడ్యాక్షరమైనది.

ఈ రెండు అగ్రహారాలలో ఏ ఒక్కటీ పరిపూర్ణం కాదు. ఉత్తరమేరూరులో లెక్క అడిగే అధికారం ఉన్నది, కాని ఆ అధికారం భూమి, వేదవిద్య గల పురుషులకే పరిమితం. తోటను, చెరువును తమ చేతులతో పోషించినవారి పేరు కుండలో పడలేదు. విశ్వేశ్వర గోళకిలో సత్రద్వారం సర్వులకు తెరచి ఉన్నది, ప్రసూతిశాలకు వాటా ఉన్నది, కాని అక్కడి వ్యవస్థ నివాసుల ఎంపికనుండి పుట్టినది కాదు, పైనుండి దిగివచ్చిన అనుగ్రహం. 1323లో ఓరుగల్లు పతనమై కాకతీయరాజ్యం అస్తమించింది. నేడు మందడం పరిసరాలలో ఆ విద్యాశాల లేదు, ఆ ఆరోగ్యశాల లేదు. వాటి కథను చెప్పడానికి స్తంభం మాత్రం మిగిలింది. దాత ఒక్కసారి ఇవ్వగలడు. ఇచ్చినదానిని ప్రతి సంవత్సరం కాపాడవలసినవారు అందులో నివసించేవారే.

ఈ విచారణ గతానికి మాత్రమే సంబంధించినది కాదు. ఆ మందడం, వెలగపూడి సహా 29 గ్రామాల పరిధిలో 2015 నుండి భూసమీకరణ జరిగి, రాజధాని నగరం ప్రణాళికాబద్ధంగా రూపొందుతున్నది. తిరువూరు వంటి పట్టణాల అంచులలోనూ లేఅవుట్లు, అపార్టుమెంట్లు వెలుస్తున్నాయి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఒక ప్రాజెక్టులో అధికసంఖ్యాకులు ఇండ్లు బుక్ చేసికొన్న మూడు నెలలలోపు వారి సంఘం ఏర్పడేటట్లు నిర్మాత చూడవలెను. చట్టం సంఘాన్ని ఏర్పరుపగలదు. సంవిత్తును ఏర్పరుచుకొనవలసినది మాత్రం నివాసులే. రోడ్ల వెడల్పు, పార్కు కొలతలు పటంలో ఉంటాయి. లిఫ్టు పాడైతే ఎవరు చూడవలెను, నీటి మోటారు ఖర్చు ఎలా పంచుకోవలెను, రాత్రి కాపలా ఉండేవాడు జబ్బుపడితే ఎవరు ఆదుకోవలెను అనేవి పటంలో ఉండవు.

సహనివాసం కూడా ఒక సాధనమే. నా ఇల్లు, నా గుమ్మం అనే మమకారం గుమ్మం దాటి వీధి వరకు, చెరువు వరకు విస్తరించినప్పుడే అది ధర్మమవుతుంది. అట్టి సాధకునికి రెండు శాసనాలూ గురువులే. నెలనెలా వసూలయ్యే సొమ్ములో దుర్బలుల కొరకు ఒక భాగాన్ని ముందే పేరుపెట్టి తీసి ఉంచడం విశ్వేశ్వర గోళకి నేర్పిన పాఠం. పదవికి కాలపరిమితి పెట్టుకొని, లెక్క అప్పగించనివానిని ఎంత ఆప్తుడైనా మళ్లీ ఎన్నుకొనకపోవడం ఉత్తరమేరూరు నేర్పిన పాఠం. మొదటిది లేని సమూహం కఠినమవుతుంది. రెండవది లేని సమూహం కలహాలకు నిలయమవుతుంది. రెండూ కలసినచోట ఊరే ఒక ఆశ్రమం.

స్వస్తి.