వాన రాత్రి, రశీదు పుస్తకం

2015 నవంబరు. రాత్రి తొమ్మిది దాటింది. వాన పట్టు విడవడం లేదు.

పర్చూరుకూ చిలకలూరిపేటకూ మధ్య ఓ నల్లరేగడి ఊరు. చేలో పత్తి పగిలి తెల్లగా ఉంది. పొద్దున్నే తీతకు కూలీలను కూడా మాట్లాడుకున్నారు. ఇప్పుడా పత్తి మొత్తం నీళ్లు కారుతోంది. మిరప తోటలో నీళ్లు నిలిచాయి. ఇంకో రెండు రోజులు ఇట్లాగే నిలిస్తే ఉరకెత్తుతుంది. కరెంటు పోయి గంటన్నర. వసారాలో ఆయన ఒక్కడే కూర్చున్నాడు. చేను వైపు చూడటం లేదు. ఒళ్లో నల్ల రెగ్జిన్ బ్యాగు. దాని జిప్పు మీదే ఉంది చెయ్యి.

"నాన్నా, లోపలికి రా. సినిమా చూద్దాం."

కొడుకు గుంటూరులో ఇంజినీరింగ్. మధ్యలో చదువు ఆపి ఊరొచ్చి మూడు రోజులైంది. అమ్మ ఫోన్ చేసింది. "నాన్నని ఒక్కణ్ణీ వదలబుద్ధి కావట్లేదురా" అంది. అంతే. వాడొచ్చేసరికి కొట్టాంలో ఉండాల్సిన పురుగు మందు డబ్బాలు లేవు. ముందు రోజే అమ్మ వాటిని పక్కింట్లో పెట్టి వచ్చింది. ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

ల్యాప్‌టాప్‌లో రెండు గంటల చార్జింగ్ ఉంది. బ్యాగులో హాస్టల్ స్నేహితుడిచ్చిన డీవీడీ ఉంది. ‘గ్లెన్‌గ్యారీ గ్లెన్ రాస్’. 1992 నాటి ఇంగ్లీషు సినిమా. ఫైట్లుండవు, అంతా మాటలేనని స్నేహితుడు ముందే చెప్పాడు. వేటి గురించి మాటలో మాత్రం చెప్పలేదు.

తెర వెలిగింది. అక్కడా వానే.

ఫోన్ బూత్‌లో ఓ పెద్దాయన. పేరు షెల్లీ లెవీన్. వేసింది జాక్ లెమ్మన్. కూతురు ఆసుపత్రిలో ఉంది. ఆయన ఆ ఫోన్ పెట్టేసి, గొంతు సవరించుకుని, నవ్వు తెచ్చుకుని ఇంకో నంబరు తిప్పుతాడు. పక్కన లేని సెక్రటరీతో మాట్లాడుతున్నట్టు నటిస్తాడు. విమానం అందుకోవాలంటాడు. ఎవరికో ఒక బంగారం లాంటి అవకాశం మిగిలిందంటాడు.

"ఏం చేస్తాడీయన?"

"స్థలాలు అమ్ముతాడు నాన్నా. ప్లాట్లు."

బ్యాగు మీద చెయ్యి బిగుసుకుంది.

ఆయన కూడా ప్లాట్లే అమ్మాడు. అగ్రిగోల్డ్ ఏజెంటు. ఈ కథలో ఆయనకు పేరు లేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరూరా ఉన్న ఏజెంట్లను ఒక్కచోట కలిపితే ఈయన. 1995లో విజయవాడ కేంద్రంగా మొదలైన ఆ సంస్థ వాయిదాల మీద డబ్బు కట్టించుకుంది. గడువు తీరాక ప్లాటైనా ఇస్తాం, వడ్డీతో డబ్బయినా ఇస్తామంది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, ఒడిశా, ఇంకా మరికొన్ని రాష్ట్రాల్లో కలిపి 32 లక్షల ఖాతాలు, రూ. 6,380 కోట్లు. ఇది తర్వాత ఈడీ తేల్చిన లెక్క. చినకాకాని దగ్గర హైవే పక్కనే హాయ్‌లాండ్ వినోద పార్కు. అదీ ఆ గ్రూపుదే. విజయవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు దాన్ని చూసి ఇది మన కంపెనీదే అనుకునేవారు. 2014 చివరికొచ్చేసరికి చెల్లింపులు ఆగాయి. 2015లో కేసు సీఐడీ చేతికి వెళ్లింది. కంపెనీ ఆఫీసుకు వెళ్లి అడగడం ఊళ్లో ఎవరికి చేతనవుతుంది? వాళ్లకు తెలిసిన కంపెనీ ఒక్కటే. ఈ వసారా.

తెర మీద ఖరీదైన సూటు తొడుక్కున్న కుర్రవాడొకడు దిగాడు. సేల్స్‌మెన్లను వరసగా కూర్చోబెట్టి దులిపేస్తున్నాడు. ఈ నెల పోటీలో మొదటి బహుమతి కేడిలాక్ కారు. రెండోది మాంసం కోసుకునే కత్తుల సెట్టు. మూడో స్థానంలో ఉన్నవాడికి ఉద్యోగం ఊడుతుంది. డేవిడ్ మామెట్ 1983లో రాసిన నాటకంలో ఈ కుర్రవాడు లేడు. సినిమా కోసం పుట్టించాడు. మామెట్ వయసులో ఉండగా చికాగోలో ఓ రియల్ ఎస్టేట్ ఆఫీసులో పనిచేశాడు. చూసిందే రాశాడు. దానికే పులిట్జర్ బహుమతి వచ్చింది.

"మమ్మల్నెవరూ ఇట్లా తిట్టలేదురా," అన్నాడు తండ్రి. చాలాసేపటికి నోరు విప్పాడు. "ఆ కార్డులేంటి? వాటికోసం అట్లా బతిమాలతాడేం?"

"కొనేవాళ్ల అడ్రసులు నాన్నా. మంచి అడ్రసులుంటేనే సరుకు అమ్ముడుపోతుంది. ఆ మేనేజరు వాటిని బీరువాలో పెట్టి తాళమేశాడు."

"అడ్రసులకి తాళమా?"

ఆయన నమ్మలేకపోయాడు. తనకు ఏనాడూ అడ్రసు అక్కర్లేకపోయింది. గుంటూరు యార్డులో మిరప టిక్కీలు దింపి, కాటా అయి, కమీషన్ కొట్లో లెక్క తేలి, ఎరువుల బాకీ, పురుగు మందుల బాకీ, కోత కూలీ అన్నీ పోగా మిగిలిన నాలుగు డబ్బులతో జనం ఇల్లు చేరే వేళకు, ఆ అరుగు మీద ఓ గ్లాసు మజ్జిగా ఈ అరుగు మీద ఓ గ్లాసు మజ్జిగా తాగుతూ, పిల్ల పెళ్లికి పనికొస్తాయి పిన్నీ, పిల్లాడి చదువుకి ఆసరా బాబాయ్, డబ్బొద్దంటే ప్లాటు రాసిస్తారు అత్తా అంటూ ఆయన తిప్పిన రశీదు పుస్తకం బంధువుల్లో ఒక్క గడపనూ వదల్లేదు. తన పేరునా కట్టాడు. భార్య పేరునా కట్టాడు. నమ్మాడు కాబట్టే అమ్మగలిగాడు.

తెర మీద లెవీన్ వానలో ఎవరింటికో వెళ్లాడు. ఆ ఇంటాయన మర్యాదగానే తలుపు వైపు నడిపిస్తున్నాడు. ముసలాయన రెయిన్‌కోటు పట్టుకుని ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

ముగ్గురూ కదల్లేదు. ఆ ఏడాదంతా ఆ తలుపు ఎన్నిసార్లు మోగిందో ఆ ఇంటికే తెలుసు. పగటిపూట వచ్చినవాళ్లు అడిగి వెళ్లేవారు. రాత్రిపూట వచ్చినవాళ్లు అరిచి వెళ్లేవారు. అమ్మ టార్చి తీసుకుని లేచింది.

"ఏం అబ్బాయ్, పడుకున్నావా?"

వరసకు పిన్ని. మొగుడు పోయి పదేళ్లయింది. తల మీద యూరియా సంచి గొంగడిలా కప్పుకుంది. చీర మోకాళ్ల దాకా తడిసింది. పిన్ని ఇంతవరకూ ఒక్కసారీ గడప ఎక్కి అడగలేదు. ఈ రాత్రి వచ్చింది.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఇంత వానలో ఎందుకొచ్చావ్ పిన్నీ?"

ఆమె కొంగు ముడి విప్పింది. ముడిలో పాలితిన్ కవరు. కవరులో ఇంకో కవరు. అందులో నాలుగు మడతలు పెట్టిన బాండు.

"ఇల్లు కురుస్తా ఉంది అబ్బాయ్. గిన్నెలు పెట్టినా ఆగట్లా. ఇది తడిసిందంటే రేపు డబ్బులిచ్చేటప్పుడు ఏం చూపిచ్చాలి? నీ దగ్గరైతే భద్రంగా ఉంటది."

ఆయన రెండు చేతులా అందుకున్నాడు. ఆ ఇంటి కప్పు వేయించడానికే ఆమె ఆ డబ్బు కట్టింది. కట్టించింది ఆయనే.

"వస్తాయంటావా?" అంది పిన్ని.

ఇన్నేళ్లలో ఏ గడపలోనైనా ఆయన దగ్గర జవాబు ఉండేది. అడిగేలోపే ఉండేది. నోరు తెరిచాడు. మాట రాలేదు. పిన్ని కాసేపు చూసింది. "సరేలే, పడుకో," అంది. అమ్మ వైపు తిరిగి ఇంకో మాట అంది: "వాడు అన్నం తింటన్నాడా?"

ఆమె వెళ్లిపోయింది. ఆయన బాండు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. కొడుకు సినిమా ఆపుదామనుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు తండ్రి. "ఆ ముసలాయన ఏమయ్యాడో చూడాలి."

తెర మీద తెల్లవారింది. రాత్రి ఆఫీసులో దొంగలు పడ్డారు. అడ్రసు కార్డులు పోయాయి. లెవీన్ మాత్రం వెలిగిపోతున్నాడు. ఓ ముసలి జంటకు ఏకంగా ఎనిమిది ప్లాట్లు అంటగట్టి వచ్చాడు. చెక్కు తెచ్చాడు. పాత రోజులు తిరిగొచ్చాయని గెంతుతున్నాడు. ఇంకో సేల్స్‌మన్‌గా వేసిన ఆల్ పచినో అతణ్ణి గురువులా చూస్తున్నాడు. ఆ ఆనందం మీద మేనేజరు నీళ్లు చల్లాడు. ఆ జంటకు మతి సరిగా లేదు. బ్యాంకులో పైసా లేదు. ఎవరైనా వచ్చి మాట్లాడితే చాలు, వాళ్లకదే సంతోషం.

"చెక్కు చెల్లదా?"

"చెల్లదు నాన్నా."

తండ్రి తలూపాడు. చెల్లని చెక్కు ఎట్లా ఉంటుందో ఆయనకు చెప్పక్కర్లేదు. బ్యాగులోనే ఉన్నాయి.

కార్డుల దొంగ లెవీనేనని అప్పటికే తేలింది. కూతురి పేరెత్తాడు, వాటా ఇస్తానన్నాడు, బతిమాలాడు. మేనేజరు కరగలేదు. లోపలి గదిలో పోలీసు ఉన్నాడు. లెవీన్ ఆ గదిలోకి నడిచాడు. వెనక తలుపు మూసుకుంది. జాక్ లెమ్మన్‌కు ఈ పాత్రకే 1992 వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. సినిమా మాత్రం పెట్టిన డబ్బు కూడా థియేటర్లలో రాబట్టలేదు. జనం దాన్ని తర్వాత ఇళ్లలో, క్యాసెట్లలో, డీవీడీల్లో చూశారు.

ల్యాప్‌టాప్ ఆరిపోయింది. గదంతా చీకటి.

"తర్వాత ఏమైంది?"

"అంతే నాన్నా. ఆయన గురించి ఇంకేం చూపించరు."

వాన చప్పుడు ఒక్కటే. ఎంతసేపని ఎవరూ లెక్కపెట్టలేదు. చీకట్లో జిప్పు లాగిన చప్పుడైంది. అమ్మ ఉలిక్కిపడి టార్చి వేసింది.

ఆయన రశీదు పుస్తకాలు బయటికి తీస్తున్నాడు.

"తెల్ల కాగితాలున్నాయారా? స్కేలు కూడా తీసుకురా." కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఆయన ఎవరికి అమ్మాడో ఆయనకే తెలియదు. నాకు అందరూ తెలుసు. ఎవరెంత కట్టారో, ఏ రోజు కట్టారో, రశీదు నంబరెంతో రాసిపెడదాం. సీఐడీ వాళ్లడిగినా, కోర్టు అడిగినా కాగితం ఉండాలి. రాయి. మొదట పిన్నిది."

కోడి కూసేదాకా టార్చి వెలుగుతూనే ఉంది.

మూడు నెలలకు, 2016 ఫిబ్రవరిలో, అగ్రిగోల్డ్ ఛైర్మన్ అవ్వా వెంకట రామారావును సీఐడీ అరెస్టు చేసింది. రూ. 10 వేల లోపు కట్టినవాళ్లకు డబ్బు అందడం 2019 నవంబరు 7న గుంటూరులోనే మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి చేతుల మీదుగా 3.69 లక్షల మందికి రూ. 263.99 కోట్లు. 2021 ఆగస్టులో రూ. 20 వేల లోపు వాళ్ల వంతు వచ్చింది. హాయ్‌లాండ్‌తో సహా రూ. 4,109 కోట్ల ఆస్తులను ఈడీ 2020 డిసెంబరులో అటాచ్ చేసింది. వాటిలో చాలా భాగాన్ని బాధితులకు చేర్చడానికి 2025లో తిరిగి అప్పగించింది. రూ. 20 వేలకు మించి కట్టినవాళ్లకు ఆ ఆస్తులే దిక్కు. ఈలోపు డిపాజిటర్లూ పోయారు, ఏజెంట్లూ పోయారు. కొందరు ఆ వానల్లాంటి రాత్రుల్లో, పక్కన ఎవరూ లేనప్పుడు పోయారు.

మీ ఇంట్లో అటక మీదో, ట్రంకు పెట్టెలోనో ఆ బాండు ఉంటే పారేయకండి. రశీదులు, పాస్‌బుక్ దానితోనే ఉంచండి. కట్టినవాళ్లు పోయి ఉంటే వారసుల కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. మీ వీధిలో ఆ ఏజెంటు ఇంకా ఉంటే, ఒకసారి వెళ్లి అన్నం తిన్నాడో లేదో అడగండి.