పందెపు కారు పీల్చు గాలి

మోటారు కారు పెట్రోలు త్రాగి పరుగెత్తునని మనమందరము అనుకొందుము. పెట్రోలుకు డబ్బిచ్చుచున్నాము గనుక దానిపైననే మన దృష్టి నిలుచును. ఉచితముగా దొరకు గాలిని లెక్కలోనికి తీసికొనము. కాని ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలయును. లీటరు పెట్రోలు బరువు దాదాపు 740 గ్రాములు. కనుక ఒక్క లీటరు పెట్రోలునకు 11 కిలోగ్రాముల గాలి, అనగా సుమారు 9,000 లీటర్ల గాలి అవసరము. సిలిండరులోనికి పెట్రోలును ఎక్కువగా పంపుట సులభమే. దానికి తగిన గాలిని చేర్చుటయే కష్టము. వేగమైన కార్ల చరిత్రలో పెద్ద భాగము ఈ కష్టమును జయించుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రయే.

ఈ ప్రయత్నములు రెండు చోట్ల జరిగినవి. మొదటిది కారును తయారుచేయు కర్మాగారము. రెండవది, అమ్ముడైన కారునకు క్రొత్త పరికరములు బిగించువారి పనిశాల. ఎవరి మార్గము మేలు అను వాదము నేటికిని తెగలేదు. ఆ వాదమును అర్థము చేసికొనుటకు కొన్ని ఘట్టములను చూతము.

గాలి లోనికి వచ్చు విధము

1876లో జర్మనీ దేశస్థుడైన ఆటో నిర్మించిన నాలుగు ఘాతముల ఇంజనులో పిస్టను క్రిందికి దిగునపుడు సిలిండరులో పీడనము తగ్గును. ఇంజను గాలిని పీల్చునని మనము అందుము గాని, నిజమునకు వెలుపలి వాతావరణ పీడనమే గాలిని లోనికి త్రోయును. దారిలో వడపోత, గొట్టపు వంపులు, కవాటము అడ్డు తగులును. ఇంజను వేగము హెచ్చినకొలది గాలి వచ్చుటకు చిక్కు సమయము తగ్గును. కావున సిలిండరు పూర్తిగా నిండకమునుపే కవాటము మూసికొనును.

బెంట్లీ, బిర్కిన్‌ల వాదము

వాతావరణ పీడనము చాలనపుడు పంపుతో గాలిని బలవంతముగా నెట్టవచ్చును గదా! ఈ పంపునకే సూపర్‌ఛార్జరని పేరు. 1921లో జర్మనీలోని మెర్సిడెస్ సంస్థ అట్టి కార్లను ప్రదర్శించెను. ఇంగ్లండులో ఈ విషయమై గొప్ప వివాదము పుట్టినది. బెంట్లీ కార్ల నిర్మాత డబ్ల్యు. ఓ. బెంట్లీకి ఈ పద్ధతి నచ్చలేదు. బలము కావలసినచో ఇంజను పరిమాణమునే పెంచవలెనని ఆయన మతము. పందెములందు ప్రసిద్ధుడైన సర్ హెన్రీ బిర్కిన్ ఇందుకు సమ్మతింపలేదు. ఆమ్హర్స్ట్ విలియర్స్ అను ఇంజనీరు రూపొందించిన సూపర్‌ఛార్జరును ఆయన నాలుగున్నర లీటర్ల బెంట్లీకి అమర్పించెను. డొరొతీ పేజెట్ అను సంపన్నురాలు ధనసహాయము చేసెను.

ఫలితము ఆశ్చర్యకరము. మామూలుగా 110 అశ్వశక్తి నిచ్చు ఇంజను, రోడ్డుపై నడుచు కారులో 175, పందెపు కారులో 240 అశ్వశక్తి నిచ్చెను. 1930లో ఫ్రాన్సులోని లె మాన్ పట్టణమున జరిగిన 24 గంటల పందెములో రెండు పక్షములును తలపడినవి. బిర్కిన్ మెర్సిడెస్ కారును వెన్నంటి తరిమెను. కాని ఆ మెర్సిడెస్సుతోపాటు, పాల్గొన్న సూపర్‌ఛార్జరు బెంట్లీలును చెడిపోయి మధ్యలోనే విరమించినవి. ఆరున్నర లీటర్ల ఇంజనుగల, సూపర్‌ఛార్జరులేని బెంట్లీలు మొదటి రెండు స్థానములను పొందినవి.

అంతమాత్రమున బిర్కిన్ ఓడిపోయెనని తేల్చరాదు. ఆ ఏటనే పో పట్టణములో జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రి పందెములో ఆయన తన సూపర్‌ఛార్జరు కారుతోనే రెండవ స్థానము పొందెను. ఇంజనులోనికి ఎక్కువ గాలి వచ్చినచో ఎక్కువ వేడియు, ఎక్కువ ఒత్తిడియు వచ్చును. తక్కిన భాగములు దానికి తగినట్లు లేనిచో గంటలు గడచినకొలది ఆ లోటు బయటపడును.

చల్లని గాలి విలువ

పంపు లేకుండ గాలిని పెంచు ఉపాయము మరొకటి కలదు. పీడనము మారనపుడు వాయువు సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతములో నుండును. 30 డిగ్రీల గాలి పరమ ఉష్ణోగ్రత 303. ఇంజను గదిలో వేడెక్కి 60 డిగ్రీలైన గాలిది 333. రెండవ దాని సాంద్రత మొదటి దానికన్న నూటికి 9 వంతులు తక్కువ. అంతమేరకు ఆమ్లజనియు తగ్గును. ఈ సూత్రము ననుసరించి 1957లో అమెరికాలోని షెవర్లే సంస్థ కొద్దిపాటి కార్వెట్ కార్లకు వెలుపలి చల్లని గాలిని తెచ్చు పెట్టె నమర్చెను. 1967లో ఎల్-88 అను కార్వెట్‌కు ముందు అద్దము అడుగున, గాలి పీడనము హెచ్చుగా నుండుచోట ద్వారము పెట్టెను.

ఎదురుగాలి తోపు వలననే బలము వచ్చునని కొందరి నమ్మకము. గంటకు 100 కిలోమీటర్ల వేగమున అట్లు లభించు పీడనము వాతావరణ పీడనములో నూటికి అర వంతు కూడ లేదు. అసలు లాభము చల్లదనమువలన వచ్చునదే.

గొట్టపు పొడవు

1960లో క్రైస్లర్ సంస్థ 300-ఎఫ్ అను కారులో 30 అంగుళముల పొడవుగల గొట్టములను వాడెను. కవాటము మూసికొనగానే గొట్టములో ఒక పీడన తరంగము పుట్టి ధ్వనివేగముతో పోయి వచ్చుచుండును. కవాటము మరల తెరచుకొను సమయమునకే అది తిరిగివచ్చినచో మరికొంత గాలిని లోనికి నెట్టును. ఈ కారులో ఆ సమయము నిమిషమునకు సుమారు 2,800 చుట్ల వేగమున కుదిరెను. పందెము కొరకు గొట్టములోని ఆ పొడవును సగమునకు తగ్గించిరి. అపుడు లాభము ఎక్కువ వేగమునకు మారెను. తక్కువ వేగమున తగ్గెను. ఒకచోట లాభము పొందినచో మరొకచోట కొంత వదలుకొనవలసినదే.

నేటి బజారు గొట్టములు

కర్మాగారపు గాలిపెట్టెను తీసివేసి, శంకువు వంటి వడపోతను లావైన గొట్టముతో బిగించు పరికరములు నేడు విరివిగా అమ్ముడగుచున్నవి. శబ్దము తగ్గించుటకో, ఖర్చు తగ్గించుటకో కర్మాగారమువారు దారిని ఇరుకు చేసినచోట వీనివలన కొంత లాభము నిజముగనే కలుగును. కాని వడపోత ఇంజను గదిలో తెరచియున్నచో వేడి గాలియే లోనికి పోవును. వడపోత నాసిదైనచో దుమ్ము చేరి పిస్టను కట్లు అరుగును. నేటి ఇంజనులలో లోనికి వచ్చు గాలిని కొలుచు సాధనము కలదు. గొట్టపు వ్యాసము మారినచో ఆ కొలత తప్పి పెట్రోలు పాళ్లు చెడవచ్చును. ఈ కారణముననే కాలిఫోర్నియా రాష్ట్రములో, పొగను హెచ్చించు అవకాశమున్న ఇట్టి మార్పులకు అచ్చటి వాయు వనరుల మండలి మినహాయింపు ఉత్తరువు కావలసియున్నది.

పెట్టె తీసివేయగానే హోరు పెరుగును. ఆ హోరునే బలమని చెవి భ్రమించును. ఈ భ్రమకు మందు కొలతయే. మన పాఠశాల ప్రయోగశాలలోని యు-ఆకారపు నీటి పీడనమాపకము ఇందుకు చాలును. దానిని వడపోతకు తరువాతి గొట్టమునకు తగిలించి, ఇంజను పూర్తి బలముతో పనిచేయునపుడు చూడవలెను. వాతావరణ పీడనము సుమారు 10 మీటర్ల నీటి ఎత్తునకు సమానము. మాపకములో నీటిమట్టముల భేదము 20 సెంటీమీటర్లైనచో, అడ్డంకివలన పోవుచున్నది నూటికి రెండు వంతులు మాత్రమే. ఎంత ఖరీదైన గొట్టము బిగించినను, ఆ అడ్డంకిని తొలగించుటవలన వచ్చు లాభము ఇంచుమించు ఆ రెండు వంతులను మించదు. డబ్బు వెచ్చింపక మునుపే ఈ సంగతి తెలిసికొనవచ్చును.